వండేసిన మాంసాన్ని వండటం

ఆ రాత్రి బయట మోకాలి లోతు మంచు. బస్సులు ఆగిపోయాయి. కారు మా నలుగురిలో ఎవరికీ లేదు. ఫ్లాట్‌లో బియ్యం బస్తా ఉంది, ఇంటినుంచి వచ్చిన కారం ఉంది, ఉల్లిపాయలు ఉన్నాయి. కూరకి మాత్రం అలమర అడుగున పడున్న మూడు చికెన్ డబ్బాలే దిక్కు. యూనివర్సిటీలో విద్యార్థులకి ఉచితంగా సరుకులిచ్చే చోట ఎప్పుడో తెచ్చి, ముట్టుకోకుండా వదిలేసినవి.

వంట వంతు నాది. మాంసం వండటమంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. డబ్బాలోని ముక్కలకి ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట పక్కన పెట్టాను. ఉల్లిపాయలు వేయించి, ముక్కలు వేసి, గ్లాసు నీళ్లు పోసి, కుక్కర్ మూత బిగించి మూడు కూతలు రానిచ్చాను. మూత తీస్తే ముక్కన్నది లేదు. ఎర్రటి నీళ్లలో పీచు తేలుతోంది. మాతో ఉండే కరీంనగర్ తమ్ముడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, నా వైపు చూశాడు.

"గిదేందన్నా? ఉప్పు బస్తాల వడ్డ కోడి లెక్కుంది."

ఆ రాత్రి నలుగురం పచ్చడి మెతుకులే తిన్నాం. ఈ అధ్యాయం ఆ కుక్కర్ పుణ్యమే. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉంటూ, ఉద్యోగం నుంచి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి, పచ్చి మాంసం కొని కడిగి కోసి ఉడికించే ఓపిక లేక, ఏ చిప్స్ ప్యాకెట్‌తోనో పడుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల అలమరలో ఒకటో రెండో డబ్బాలు కూడా ఉంటాయి. అవి అక్కడే ఉండిపోవడానికి కారణం బద్ధకం అనుకుంటాం. ఒకసారి వండితే బాగా రాకపోవడమే అసలు కారణం.

బాగా ఎందుకు రాలేదో అర్థం కావాలంటే, డబ్బా మన చేతికి రాకముందు ఏం జరిగిందో చూడాలి.

మాంసాన్ని గాలి చొరకుండా మూసి, మూసినదాన్ని అలాగే ఉడికిస్తే నెలల తరబడి చెడదని కనిపెట్టినవాడు నికొలా అపేర్ అనే ఫ్రెంచి మిఠాయి వ్యాపారి. 1810లో ఆయనకి ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. అపేర్ వాడింది గాజు సీసాలు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ తగరం పూత పూసిన డబ్బాకి పేటెంట్ తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే, డబ్బా వచ్చిన చాలా కాలానికి గానీ దాన్ని తెరిచే పనిముట్టు రాలేదు. అమెరికాలో దానికి పేటెంట్ 1858లో దక్కింది. అంతదాకా ఉలీ సుత్తీ పెట్టి కొట్టుకోవడమే. తాళంచెవి లేని బీరువా కొన్నట్టన్నమాట. మన ఓపెనర్ సొరుగులో కనపడక చిరాకు పడే రాత్రి ఇది గుర్తు తెచ్చుకోండి.

సూత్రం ఇప్పటికీ అదే. మాంసం డబ్బాలో నింపి, సీలు వేసి, ఫ్యాక్టరీలో గది అంత ప్రెషర్ కుక్కర్లో పెడతారు. లోపలి వేడి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. బొట్యులిజం అనే విషజబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మామూలుగా మరిగే నీళ్లకి చావవు, అందుకే అంత వేడి. ఆ వేడికి మాంసంలోని కండని కండతో పట్టి ఉంచే జిగురు కరిగిపోతుంది. పోగులు విడిపోతాయి. అంటే మీ చేతికొచ్చేసరికే ఆ ముక్క ఒకసారి కుక్కర్లో పూర్తిగా ఉడికి కూర్చుంది. నేను దానికి మూడు కూతలు అదనంగా పెట్టాను. పీచు కాక ఏమవుతుంది?

ఉప్పు సంగతీ అంతే. అది ముందే వేసి ఉంది, నేను మళ్లీ పట్టించాను. పైగా మూసిన డబ్బాలో తడిగా ఉడికింది కాబట్టి వేగినప్పుడు వచ్చే ఎర్రదనం, ఆ కమ్మటి వాసన దానికి లేవు. ఉన్నది ఒక రకం ఆవిరి కంపు, కొంచెం నీచు. ఆ నీచు పోగొట్టడానికి నేనేమీ చేయలేదు. నీళ్లు పోసి దాన్ని కూరంతా పంచాను.

తర్వాతి వారం అమ్మతో ఫోన్లో ఇదంతా వాపోయాను. మాది నెల్లూరు వైపు. అమ్మ నవ్వి, "సొర పుట్టు ఎట్టా చేస్తామో నువ్వు చూళ్లేదా? ముందు చేపని ఉడకబెట్టి, తోలు తీసి, పొడి పొడిగా నలిపి పెట్టుకుంటాం. ఆ తర్వాతే గదా పొయ్యి మీద బాణలి పెట్టేది. నీ డబ్బా వాడు ఉడకబెట్టి పెట్టాడు. సగం పని అయిపోయినాక నువ్వు మళ్లీ మొదటికొచ్చినావు" అంది.

ఇన్నేళ్లలో వంట గురించి నేను విన్నవాటిలో ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. డబ్బా మాంసం చేతిలో పెట్టుకుని మనం కోడికూర గురించి ఆలోచిస్తాం. కోడికూర పచ్చి మాంసంతో మొదలయ్యే వంట. మన వంటింట్లో ముందే ఉడికిన మాంసంతోనో, ముందే ఉప్పు పట్టిన మాంసంతోనో మొదలయ్యే వంటలు వేరే ఉన్నాయి. వాటిని గుర్తు చేసుకోవాలి. సొర పుట్టు ఒకటి. ఎండు చేపల కూర ఇంకొకటి. ఎండు చేపలు వండే ఏ పెద్దావిడా వాటిని వేడినీళ్లలో కడగకుండా, ఉప్పు చూసుకోకుండా కూరలో ఉప్పు వేయదు. హైదరాబాదు షామీ కబాబు మూడోది. అందులో ఖీమాని శనగపప్పుతో ఉడికించి, మెత్తగా నూరి, తర్వాతే పెనం మీద వేస్తారు. ఈ మూడు తోవల్లో ఏది పట్టినా డబ్బా మీ మాట వింటుంది. వండాల్సింది మాంసాన్ని కాదు, మసాలాని. మాంసం ఆఖరి ఐదు నిమిషాల చుట్టం.

ఇక డబ్బా ఎంపిక. కొనేముందు చేతిలో తిప్పి చూడండి. ఉబ్బినది, కారుతున్నది, అతుకు దగ్గర లోతుగా సొట్ట పడినది, తుడిచినా పోని తుప్పు పట్టినది వద్దు. ఇంటికొచ్చాక తెరిస్తే బుస్సుమని చిమ్మినా అంతే, పారేయడమే. "కొంచెం రుచి చూసి చెబుతా" అనే వీరుడు ప్రతి ఫ్లాట్‌లో ఒకడుంటాడు, వాణ్ణి ఆపండి. బొట్యులిజం విషానికి రంగూ రుచీ వాసనా ఉండవు. మూత తీయని డబ్బాని పొయ్యి మీద పెట్టకండి. తీసిన డబ్బాలో మిగిలిందాన్ని అలాగే ఫ్రిజ్‌లో తోయకుండా గాజు గిన్నెలోకి మార్చి మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

లేబుల్ చదవడం ఇంకా ముఖ్యం. "లంచన్ మీట్" అని ఉంటే చాలావరకు అది పంది మాంసం, కొన్నిట్లో కోడి. "కార్న్‌డ్ బీఫ్" గొడ్డు మాంసం. ఇందులో మొక్కజొన్న ఏమీ లేదు. ఊరబెట్టడానికి వాడే గళ్ల ఉప్పు పలుకుల్ని పాత ఇంగ్లీషులో అలా అనేవారు. మీరు ఏది తింటారో ఏది తినరో మీ ఇష్టం, కానీ తెలియక తిని తర్వాత బాధపడటం ఎందుకు? వంట మీ ఒక్కరికే కాకుండా గదిలో అందరికీ అయితే వండే ముందే అడగండి.

ఉప్పు లెక్క చూడండి. 1937 నుంచి అమ్ముతున్న స్పామ్ అనే లంచన్ మీట్ డబ్బా 340 గ్రాములు. దాని లేబుల్ ప్రకారం 56 గ్రాములకి 790 మిల్లీగ్రాముల సోడియం. డబ్బా మొత్తానికి లెక్కేస్తే సుమారు 12 గ్రాముల ఉప్పు. రోజుకి 5 గ్రాములు దాటొద్దని హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే ఒక్కడు ఒక డబ్బా తింటే రెండు రోజుల ఉప్పు ఒక పూటలో దిగినట్టు. ఊరబెట్టిన, పొగపట్టిన మాంసాలన్నిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. అందుకని లంచన్ మీట్, కార్న్‌డ్ బీఫ్ నా లెక్కలో పండగ చుట్టాలు. నీళ్లలో పెట్టిన చికెన్, ట్యూనా మాత్రం తరచూ రావచ్చు. వాటిలోనూ ఉప్పు తక్కువ రకం దొరికితే అదే తీసుకోండి. ట్యూనాలో అల్బాకోర్ కంటే స్కిప్‌జాక్‌లో పాదరసం తక్కువ. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ తేడా పట్టించుకోవాలి.

ఇప్పుడు చికెన్ ఇగురు. 350 గ్రాముల డబ్బా ఒకటి. నీళ్లు వంచేస్తే మిగిలే ముక్క 200 గ్రాములకి అటూ ఇటూ, ఇద్దరికి సరిపోతుంది. డబ్బా నీళ్లు ఒక గిన్నెలోకి వంచి చెంచాతో రుచి చూడండి. కూరలో ఉప్పు ఎంత వేయాలో ఆ చెంచాయే చెబుతుంది. సముద్రంలా ఉంటే పారబోయండి, పర్వాలేదనిపిస్తే అరగ్లాసు ఉంచుకోండి. ముక్కల్ని జల్లెడలో వేసి గోరువెచ్చటి నీళ్లు ఒక్కసారి పోసి, కాగితంతో అద్ది, ఆరనివ్వండి. తడి ముక్క వేగదు, మళ్లీ ఉడుకుతుంది.

బాణలిలో చెంచాడు నూనె వేసి, వేడెక్కాక ఆ ముక్కలు పరిచి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. గరిటె పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. అడుగు ఎర్రబడ్డాక ఒక్కసారి తిరగేసి, పైన మిరియాల పొడి చల్లి, పళ్లెంలోకి తీసేయండి. ఫ్యాక్టరీలో జరగనిది ఇప్పుడు జరిగింది. నీచు సగం ఇక్కడే పోతుంది.

అదే బాణలిలో మూడు చెంచాల నూనె. రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, చీరిన పచ్చిమిర్చి రెండు, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయలు రెండు. ఉల్లిపాయ త్వరగా మగ్గడానికి ఉప్పు వేయడం మనకి అలవాటు. ఇక్కడ చిటికెడుతో ఆగండి. తొందర పడొద్దు. ఉల్లిపాయ బాగా ఎర్రబడటానికి పన్నెండు పదిహేను నిమిషాలు పడుతుంది. పచ్చి మాంసమైతే తన రసంతో, కొవ్వుతో కూరకి రుచి ఇస్తుంది. డబ్బా ముక్క దగ్గర ఇవ్వడానికేమీ మిగల్లేదు. ఆ రుచి మొత్తం ఉల్లిపాయలోంచే రావాలి. నేను చూసినంతలో డబ్బా కూర చెడిపోయేది ఇక్కడే. ఉల్లిపాయ రంగు మారగానే "చాల్లే" అనుకుంటారు.

తర్వాత చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చివాసన పోయేదాకా. పావు చెంచా పసుపు, చెంచాన్నర కారం, రెండు చెంచాల ధనియాల పొడి. ధనియాలు ఇంట్లో వేయించి కొట్టుకున్నవైతే తేడా మీకే తెలుస్తుంది. పొడులు మాడకుండా రెండు చెంచాల నీళ్లు చిలకరించి కలపండి. ఒక టమాటా తరిగి వేయండి. గసగసాలు, జీడిపప్పు కలిపి నూరిన ముద్ద రెండు చెంచాలు వేస్తే ఇగురు చిక్కబడుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం జీడిపప్పుతోనే సరిపెట్టుకోండి. ఎమిరేట్స్‌లో, సౌదీలో గసగసాలు నిషిద్ధం. ఊరి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో అమ్మ ప్రేమగా పెట్టే పొట్లం విమానాశ్రయంలో పెద్ద తంటా తెచ్చిపెట్టగలదు.

ఉంచుకున్న డబ్బా నీళ్లో, మామూలు వేడినీళ్లో అరగ్లాసు పోసి సన్న సెగ మీద వదిలేయండి. నూనె పక్కలకి తేలేదాకా మాంసం జోలికి వెళ్లొద్దు. తేలాక మసాలా నాలిక మీద వేసుకుని చూడండి. ఉప్పు కొద్దిగా తక్కువ అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు వేయించిన ముక్కలు వేసి, తిప్పకుండా, అట్లకాడతో కింది మసాలా పైకి తెచ్చి కప్పండి. మూత పెట్టి నాలుగు నిమిషాలు. దించేముందు అరచెంచా గరం మసాలా, కొత్తిమీర. దించాక నిమ్మచెక్క పిండండి. పులుపు తగిలితే మిగిలిన నీచు కూడా సర్దుకుంటుంది.

ఇంత చేశాక కూడా ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేస్తే ఉప్పు పీల్చుకుంటుందని ఎవరో ఒకరు చెబుతారు. అది పీల్చేది కొంత రసమే. ఉప్పు లేకుండా ఉడికించిన దుంపలు రెండు వేసి కూర పరిమాణం పెంచడం నిజమైన వైద్యం. ఆ పూట అన్నంలోకి చప్పిడి పప్పు చేసుకున్నా సరే.

లంచన్ మీట్ గురించి ఎక్కువ చెప్పను. చదరపు ముక్కలుగా కోసి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసి, నూనె లేకుండా పెనం మీద వేయిస్తే దాని కొవ్వే సరిపోతుంది. కరకరలాడాక వెల్లుల్లి, ఎండుమిర్చి, మిరియాలు, కరివేపాకు. ఉప్పు అస్సలు వద్దు. పప్పుచారు పక్కన నంజుకోవడానికి నాలుగు ముక్కలు చాలు. కార్న్‌డ్ బీఫ్ అయితే షామీ తోవ పట్టండి. శనగపప్పు విడిగా మెత్తగా ఉడికించి, నీళ్లు పిండేసి, మాంసంతో సమానంగా కలిపి, అల్లం, పచ్చిమిర్చి, పుదీనా, ఉల్లిపాయ వేసి బిళ్లలు చేసి కాల్చండి. పప్పు ఉప్పుని పంచుకుంటుంది, ముక్కా విడిపోదు. శ్రీలంక ఇళ్లలో డబ్బా చేపతో, బంగాళాదుంపతో చేసే కట్‌లెట్లదీ ఇదే కిటుకు.

పొయ్యి గురించి ఒక మాట. అమెరికా ఫ్లాట్లలో కరెంటు చుట్ట పొయ్యి ఆపేసినా చాలాసేపు వేడిగానే ఉంటుంది. మన తాలింపు అంతసేపు ఆగదు. సెగ తగ్గించడమంటే అక్కడ బాణలిని పక్కకి లాగడమే. పొయ్యి పైన తిరిగే ఫ్యాను కూడా చాలా ఇళ్లలో పొగని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ మన మీదికే వదులుతుంది. ఎండుమిర్చి వేసే ముందు కిటికీ తీయండి. పొగ అలారం మోగుతుందని దానికి ప్లాస్టిక్ తొడుగు తొడిగేవాళ్లని చూశాను. అది ప్రాణాల మీదికి తెచ్చే తెలివి.

అమ్మ చెప్పిన పుట్టు ఆఖర్న ఉంచాను. ఇప్పటికీ నెలకి రెండుసార్లు చేసుకునేది అదే, ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి.

142 గ్రాముల ట్యూనా డబ్బాలు రెండు, నీళ్లలో పెట్టిన రకం. మూత పూర్తిగా తీయకుండా దాంతోనే నొక్కి నీళ్లు వంచి, చేపని గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. పళ్లెంలో వేసి పసుపు, అరచెంచా మిరియాల పొడి చల్లి వేళ్లతో పొడి చేయండి. సొర పుట్టుకి వెల్లుల్లి ప్రాణం. పది రెబ్బలు కచ్చాపచ్చాగా దంచాలి. బాణలిలో నాలుగు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే మూడు ఉల్లిపాయల తరుగు, నాలుగు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క తరుగు. ఇక్కడ ఉల్లిపాయ ఇగురులో లాగా బాగా ఎర్రబడనక్కర్లేదు, మెత్తబడి తియ్యబడితే చాలు. చెంచా కారం, చెంచా ధనియాల పొడి. ఆ తర్వాత చేప.

ఇక్కడినుంచి మూత పెట్టకూడదు. సన్న సెగ మీద గరిటెతో విడదీస్తూ, గడ్డ కట్టనివ్వకుండా ఎనిమిది పది నిమిషాలు వేయించాలి. మొదట తడిగా, అతుక్కుంటూ ఉంటుంది. మధ్యలో ఒక దశలో "ఇది కాదులే" అనిపిస్తుంది. ఇంకాస్త వేయించండి. ఆవిరి తగ్గి, పొడి విడివడి, బాణలి అడుగున ఇసుక జారినట్టు చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడే గుర్తు. అప్పుడు ఉప్పు చూసి, కావాలంటేనే వేసి, రెండు చెంచాల కొబ్బరి కోరు కలిపి దించండి. వేడన్నంలో నెయ్యి, పుట్టు, పక్కన చారు. మిగిలితే పొద్దున దోసె మధ్యలో పెట్టుకోవచ్చు.

మొదటిసారి ఇది సరిగ్గా వచ్చిన రోజు కరీంనగర్ తమ్ముడు రెండోసారి అన్నం పెట్టుకున్నాడు. నేను పళ్లెం ఫోటో తీసి అమ్మకి పంపాను. గర్వంగా, ఏమంటుందో అని ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. అక్కడ తెల్లవారుజాము. పది నిమిషాలకి జవాబు వచ్చింది.

"కరేపాకు ఏదిరా?"